కంపెనీ రంగు ఖరీదు

పాత కారు బేరానికి వచ్చే మనిషికి ఒక పద్ధతి ఉంటుంది. ఇంజను సంగతి తరవాత చూస్తాడు. ముందు బండికి నాలుగడుగుల దూరంలో నిలబడి, ఎండ పడే వైపు నుంచి తలుపుల వెంబడి కళ్ళు చికిలించి చూస్తాడు. చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తాడు. ఏదో ఒక తలుపు దగ్గర ఆగి, వేలి కణుపుతో తట్టి, ఆ చప్పుడు వింటాడు. ఆ తరవాత వచ్చే మాట అరుప్పుక్కోట్టైలో అయినా, విరుదునగరులో అయినా, కోవిల్‌పట్టిలో అయినా ఒకటే. "ఏం మామా, ఇది కంపెనీ పెయింటేనా? మళ్ళా కొట్టించినారా?"

ఆ ప్రశ్నకు తడుముకోకుండా "కంపెనీదే, చూసుకో అల్లుడా" అనగలిగిన మనిషి బేరంలో ఒక మెట్టు పైన ఉంటాడు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ జవాబు గురించే. కొత్తలో ఫ్యాక్టరీలో పడిన రంగును పదేళ్ళ దాకా ఎలా నిలుపుకోవాలి, అందులోనూ తమిళనాట తిరుచ్చులి చుట్టుపక్కల ఎండలో, దుమ్ములో, ముళ్ళ మధ్య ఎలా నిలుపుకోవాలి అన్నది విషయం.

విజయనగర, నాయక రాజుల కాలం నుంచి ఈ నల్లరేగడి నేలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. పత్తి, మిరప, సజ్జ, మినుము పండించుకుంటూ వచ్చిన ఇళ్ళ ముందు ఇప్పుడు కారు నిలబడి ఉంటోంది. చాలామందికి అది షోకు కోసం కొన్నది కాదు. ఆసుపత్రికి మదురై వెళ్ళాలన్నా, పెళ్ళికి సాత్తూరు వెళ్ళాలన్నా అదే దిక్కు. వాన ఎగ్గొట్టిన ఏడు, పిల్ల కాలేజీ ఫీజు కట్టాల్సిన ఏడు, బోరు లోతుకు దించాల్సిన ఏడు అమ్మడానికి చేతికందే ఆస్తి కూడా అదే. అలాంటి ఇంట్లో బండి రంగు పోతే, తలుపు మీద గీత పడితే, తరిగేది అందం ఒక్కటే అనుకోకూడదు.

ఇన్సూరెన్సు వాళ్ళకు బండి విలువ కట్టడానికి ఒక పట్టిక ఉంది. కొత్త బండికి ఆరు నెలల లోపు 5 శాతం తరుగు. ఏడాది నిండే లోపు 15 శాతం. రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, అయిదేళ్ళ లోపు 50 శాతం. ఆ పట్టికకు బండి వయసు తప్ప మరేమీ తెలియదు. ఒకే రోజు కొన్న రెండు బండ్లు, ఒకటి పందిరి కింద నిలిచినది, రెండోది నడివీధిలో ఎండినది, ఆ పట్టికలో సమానమే. బజారులో మాత్రం సమానం కావు. ఆ తేడాను కళ్ళతో కొలిచేది కొనేవాడు, చేతుల్లో ఉంచుకోగలిగేది మనం.

కంపెనీ రంగుకు అంత గొప్ప ఎందుకు? మదురైలో మంచి వర్క్‌షాపుకు వెళ్తే అంతకన్నా మెరిసేలా కొట్టి ఇస్తారు కదా అని అడగొచ్చు. మెరుపు వస్తుంది, నిజమే. కానీ ఫ్యాక్టరీలో ఆ రంగు పడే తీరు వేరు. అక్కడ బండికి ఇంకా ఇంజను ఉండదు, సీట్లు ఉండవు, వైర్లు ఉండవు. ఒట్టి ఇనుప రేకు పెట్టె. దాన్ని కడిగి, ఫాస్ఫేటు పూత పట్టించి, మొత్తంగా ప్రైమరు తొట్టిలో ముంచి కరెంటు పంపుతారు. ఆ కరెంటుకు ప్రైమరు చేతికందని సందుల్లోకి, తలుపు లోపలి మడతల్లోకి కూడా వెళ్ళి పట్టుకుంటుంది. తుప్పును ఆపేది ముఖ్యంగా ఆ పొరే. దాని మీద మరో ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోటు. వీటిని 140 డిగ్రీలు, అంతకు పైబడిన వేడిలో ఓవెన్లలో కాలుస్తారు. తయారైన బండిని వర్క్‌షాపులో అంత వేడిలో పెట్టలేరు. ప్లాస్టిక్కులు కరిగిపోతాయి, రబ్బర్లు చెడిపోతాయి. అందుకని అక్కడ వాడే రంగు రసాయనమే వేరు, ఆరబెట్టే వేడి 60 డిగ్రీల ప్రాంతం. ఎంత పనిమంతుడైన పెయింటరైనా బండిని మళ్ళీ ఆ తొట్టిలో ముంచలేడు. ఒకసారి గీకేస్తే పోయింది పోయినట్టే.

ఇన్ని పొరలూ కలిపి మందం ఎంతనుకున్నారు? సుమారుగా 100 నుంచి 140 మైక్రాన్లు. వెయ్యి మైక్రాన్లు కలిస్తే ఒక మిల్లీమీటరు. అంటే మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. అందులో పైనుండే క్లియర్ కోటు 35 నుంచి 50 మైక్రాన్ల మధ్య. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పట్టి ఆపే మందు ఆ పలచటి పొరలోనే ఉంటుంది. మెరుపు అక్కడిదే, కాపలా అక్కడిదే. నేను చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఆ కాస్త పొర అరిగిపోకుండా చూసుకోవడానికే.

బండిని గట్టిగా రుద్దే మన పెద్దవాళ్ళ అలవాటు ఒకటి ఇక్కడ అడ్డం వస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 1923లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళ ఓక్లండ్ కార్ల మీద డ్యూపాంట్ కంపెనీ 'డ్యూకో' అనే లాకరు రంగు వచ్చింది. అంతకు ముందు ఒక కారుకు రంగు పూర్తి కావాలంటే వారాలు పట్టేది. ఆ తరహా రంగులకూ, ఆ తరవాత మన అంబాసిడర్ల మీద పడిన రంగులకూ పైన క్లియర్ కోటు ఉండేది కాదు. ఎండకు పై పొర సున్నంలా పొడిబారేది. రబ్బింగు కాంపౌండు పెట్టి గట్టిగా రుద్దితే ఆ చచ్చిన పొర పోయి కింద నుంచి నిగనిగలాడే రంగు బయటికొచ్చేది. అప్పటి డ్రైవర్లు, యజమానులు పండగకు పండగకు బండిని రుద్దేవారు. అప్పుడది సరైన పనే. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది గానీ ఆ రుద్దే అలవాటు మాత్రం ఆగలేదు. ఇప్పటి బండిని అలా రుద్దితే పోయేది చచ్చిన పొర కాదు, బతికున్న క్లియర్ కోటు. మెషిను పెట్టి గట్టిగా పాలిషు చేసినప్పుడల్లా కొన్ని మైక్రాన్లు ఎగిరిపోతాయి. ఆరు నెలలకోసారి ఆ పని చేయిస్తే కొన్నేళ్ళకు పైకప్పు మీద, బానెట్టు మీద తెల్లగా పొలుసులు లేస్తాయి. అలా పొలుసు లేచిన బండికి ఇక ఏ పాలిషూ పనిచేయదు.

ఇప్పుడు మన నేల దగ్గరికి వద్దాం. ఆడి మాసం గాలి మీకు తెలియనిది కాదు. సెంకోట్టై కనుమ దాటి వచ్చే ఆ గాలిని నమ్ముకునే కయత్తారు చుట్టూ గాలిమరలు నిలబెట్టారు. ఆ గాలి ఎండి నెర్రెలిచ్చిన రేగడి మన్నును లేపి ఊరంతా చల్లుతుంది. పొద్దున్నే లేచి చూస్తే బండి మీద బూడిదరంగు పొర. ఆ దుమ్ములో మెత్తటి బంకమన్ను ఒక్కటే ఉండదు. సున్నపు గులకల పొడి ఉంటుంది, ఇసుక ఉంటుంది. ఇసుకలోని క్వార్ట్జు క్లియర్ కోటుకన్నా ఎన్నో రెట్లు గట్టిది. పొడిగుడ్డ తీసుకుని ఆ దుమ్మును దులిపితే ఏమవుతుంది? గుడ్డకు అంటిన ప్రతి ఇసుక రేణువూ ఒక గీత గీస్తుంది. ఒక రోజుకు కనబడవు. ఏడాది తిరిగేసరికి ఎండలో బానెట్టు మీద గుండ్రంగా సాలెగూడులా అల్లుకున్న గీతలు కనిపిస్తాయి. బేరానికి వచ్చినవాడు ఎండ పడే వైపు నిలబడేది వాటికోసమే.

అందుకని నా మాట ఇది. నీళ్ళు లేని రోజు బండిని ముట్టుకోకండి. దుమ్ము అలాగే ఉండనివ్వండి. మీద కూర్చున్న దుమ్ము రంగును ఏమీ చేయదు, రుద్దిన దుమ్మే చేస్తుంది. ఇంటికి వచ్చిన చుట్టం "ఏంది నాయకరే, బండి ఇంత మురికిగా పెట్టినారు" అంటే అననివ్వండి. అద్దాలు తడిగుడ్డతో తుడుచుకుని బయల్దేరండి. దుమ్ము మీద పిల్లలు వేలితో పేర్లు రాస్తారు, బొమ్మలు వేస్తారు. వాళ్ళను కసరొద్దు గానీ, ఆ వేలి కింద ఇసుక ఉందని ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. ఆ పేరు కడిగినా పోదు.

ఆ గాలికి భయపడి కొందరు కవరు తొడుగుతారు. కడిగి ఆరిన బండికి, గాలి ఆడని చోట తొడిగితే మంచిదే. దుమ్ము పట్టిన బండి మీద కవరు వేసి ఆడి గాలిలో నిలబెడితే మాత్రం, రాత్రంతా ఆ కవరు కొట్టుకుంటూ బండిని గీకుతూనే ఉంటుంది. దానికన్నా పందిరి మేలు. మన దగ్గర తాటిచెట్లకు కొదవ లేదు. నాలుగు రాటలు పాతి, తాటాకు కప్పి, ఆకు కొసలు బండికి తగలనంత ఎత్తులో కట్టించుకుంటే, ఏ షోరూము కోటింగూ చేయలేని మేలు అది చేస్తుంది. రేకుల షెడ్డు వేయగలిగితే మరీ మంచిది. పడమటి ఎండ అడ్డుకునేలా ఒక పక్క తడిక కట్టండి.

చెట్టు నీడ సంగతి వేరు. వేపచెట్టు కింద నిలిపితే చల్లగా ఉంటుంది, కానీ పూత కాలంలో జిగురు రాలుతుంది. కొమ్మల మీద కాకులు ఉంటాయి. కాకి రెట్ట బండికి చేసే కీడు చాలామంది అనుకున్నదానికన్నా ఎక్కువ. పక్షులు మూత్రం వేరుగా పోయవు, ఆ తెల్లటి భాగంలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం బానెట్టు మీద చేయి పెట్టలేం. ఆ వేడికి క్లియర్ కోటు మెత్తబడి కాస్త ఉబ్బుతుంది. సాయంత్రం చల్లబడి ముడుచుకునేటప్పుడు, మీద ఎండి గట్టిపడిన రెట్ట ఆకారం దానికి అచ్చుపడిపోతుంది. మరునాడు కడిగినా మచ్చ మిగిలేది అందుకే. కనబడిన గంటలోనే తీసేయాలి. గోకకూడదు, గట్టిగా తుడవకూడదు. తడిగుడ్డ ఒకటి దాని మీద అయిదు నిమిషాలు పరిచి ఉంచితే నాని వచ్చేస్తుంది. నీళ్ళ సీసా ఒకటి, మెత్తటి గుడ్డ ఒకటి డిక్కీలో ఎప్పుడూ ఉంచుకోండి.

తిరుచ్చులికి ఆంధ్ర, తెలంగాణల నుంచి కార్లలో వచ్చే భక్తులను మీరు చూస్తూనే ఉంటారు. 1879 డిసెంబరు 30న రమణ మహర్షి పుట్టిన ఊరు కదా. ఆయన పుట్టిన ఇల్లు సుందర మందిరం చూసి, గుడిలో తిరుమేనినాథస్వామి దర్శనం చేసుకుని పోతారు. రాత్రంతా నాలుగు వరసల రోడ్డు మీద వచ్చిన ఆ బండ్ల ముక్కు నిండా చచ్చిన పురుగులు అంటుకుని ఉంటాయి. వాటి ఒంటి రసం కూడా రంగును తింటుంది. వచ్చిన అతిథులకు కాళ్ళకు నీళ్ళిచ్చినట్టే, బండి ముందు భాగం తడుపుకోవడానికి ఒక చెంబు నీళ్ళిస్తే వాళ్ళు మిమ్మల్ని తలుచుకుంటారు.

నీళ్ళంటే గుర్తొచ్చింది. ఏ నీళ్ళతో కడుగుతున్నారు? మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పు. నమ్మకం లేకపోతే ఒక స్టీలు పళ్ళెంలో రెండు చెంచాలు పోసి ఎండలో పెట్టండి. ఆరిన తరవాత పళ్ళెంలో మిగిలిన తెల్లటి పొడి ఎంతో, ప్రతి కడుగుడుకూ మీ బండి మీద మిగిలేది అదే. ఎండలో కడిగి వదిలేస్తే ఒక్కో బొట్టూ ఆరి తెల్లటి చక్రంగా గట్టిపడుతుంది. అలా పేరుకున్న కాల్షియం, మెగ్నీషియం మచ్చలు మామూలు షాంపూకు లొంగవు. కొత్త మచ్చలైతే తెల్ల వెనిగరులో సగానికి సగం నీళ్ళు కలిపి, గుడ్డతో అద్ది, వెంటనే మంచినీళ్ళతో కడిగేస్తే పోతాయి. పాతబడితే కష్టం. కాబట్టి బోరు నీళ్ళతో కడిగినా పరవాలేదు గానీ, ఎండ లేనప్పుడు, బానెట్టు చల్లగా ఉన్నప్పుడు కడగండి. చివరి బక్కెట్టు మాత్రం కుళాయికి వచ్చే తామ్రపర్ణి నీళ్ళో, వాననీళ్ళో పోయండి. ఆరకముందే గుడ్డతో ఒత్తి తేమ తీసేయండి. 2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసింది. ఆ తొట్టి పాడుపడకుండా ఉంచుకున్న ఇళ్ళకు ఐప్పసి, కార్తీక వానల్లో దొరికే నీళ్ళు బండి కడగడానికి వరమే. మంచినీళ్ళకే కటకటగా ఉన్న రోజుల్లో ఇదంతా వద్దు. మనిషి తరవాతే బండి.

కడిగే పద్ధతి గురించి రెండు మాటలు. ముందు ఒట్టి నీళ్ళు పైకప్పు నుంచి కిందికి పోసి వదులు మన్నంతా జారిపోనివ్వాలి. ఆ తరవాతే గుడ్డ. రెండు బక్కెట్లు పెట్టుకోండి, ఒకదానిలో కారు షాంపూ, రెండోదానిలో ఒట్టి నీళ్ళు. ఒక తలుపు తుడిచాక గుడ్డను ఒట్టి నీళ్ళలో జాడించి అప్పుడే షాంపూలో ముంచాలి. కింది భాగాలు, చక్రాలు ఆఖరున, వేరే గుడ్డతో. అంట్లు తోమే పొడి, బట్టల సబ్బు, కిరసనాయిలు, వీటిలో ఏదీ బండి దరిదాపులకు రావద్దు. కిరసనాయిలుతో తుడిస్తే అప్పటికి తళతళలాడుతుంది. అది మెరుపు కాదు, జిడ్డు. ఆ జిడ్డుకు మళ్ళీ మన్నంతా వచ్చి అంటుకుంటుంది.

ఇక ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన శత్రువు, సీమతుమ్మ. తమిళంలో సీమై కరువేలం. ఎప్పుడో వంటచెరకు కోసమని తెచ్చి నాటితే, విరుదునగరు, రామనాథపురం జిల్లాల్లో చెరువులు, పొరంబోకులు, రోడ్డు పక్కలు అన్నీ ఆక్రమించింది. బొగ్గులు కాల్చుకునే వాళ్ళకు అదే బతుకు, నేను కాదనను. కానీ అరుప్పుక్కోట్టై వైపు నుంచి లోపలి పల్లెలకు వెళ్ళే ఒంటి వరస రోడ్ల మీద ఎదురుగా బస్సు వస్తే ఏం చేస్తాం? ఎడమ చక్రాలు తారు దించి పక్కకు తీస్తాం. ఆ పక్కనే ముళ్ళ కొమ్మలు కాచుకుని ఉంటాయి. ఎడమ తలుపులు రెండింటి మీద పొడుగాటి గీతలు, ఒక్కోటి క్లియర్ కోటును దాటి రంగులోకి దిగేంత లోతున. ఈ తాలూకాలో ఎడమ వైపు గీతలు లేని పాత కారు దొరకడం అరుదు.

దీనికి ఉపాయం బండి దగ్గర లేదు, రోడ్డు దగ్గరే ఉంది. కాస్త వెడల్పున్న చోట ముందే ఆగి, బస్సును పోనిచ్చి కదలడం ఒకటి. కొమ్మ తగులుతోందని తెలిసినప్పుడు ఆపేసి వెనక్కి తీయాలి, ముందుకు ఈడ్చకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న కొమ్మలను వానలు వెలిసిన తరవాత కొట్టించమని గ్రామసభలో అడగాలి. స్కూలు పిల్లల సైకిళ్ళకు, బైకుల మీద పోయేవాళ్ళ కళ్ళకు ఆ ముళ్ళు చేసే హాని కార్లకన్నా ఎక్కువ. ఆ మాట గట్టిగా చెప్పండి, పని అవుతుంది.

ఆయుధపూజ గురించి చెప్పకపోతే మాట పూర్తి కాదు. బండికి బొట్టు పెట్టి, దండ వేసి, నిమ్మకాయ తొక్కించి బయల్దేరడం మనకు తరతరాల నమ్మకం. అది మానమని నేను చెప్పను. బొట్టు ఎక్కడ పెడుతున్నాం అన్నదే చూసుకోవాలి. పసుపు, కుంకుమ, గంధం తడిగా బానెట్టు మీద పెట్టి, పుణ్యమని నాలుగు రోజులు ఎండలో వదిలేస్తే, తెల్ల బండి మీద పసుపు మచ్చ దిగిపోతుంది. గంధం ఎండి బీటలిచ్చేటప్పుడు కింది పొరనూ పట్టి లాగుతుంది. అద్దం మీద పెట్టండి, నంబరు ప్లేటు మీద పెట్టండి. అద్దానికి ఏమీ కాదు. బానెట్టు మీదే పెట్టాలని ఇంట్లో పెద్దమ్మ పట్టుబడితే పెట్టించి, సాయంత్రం తడిగుడ్డతో అద్ది తీసేయండి. దండను తీగతో కట్టొద్దు, నూలు దారంతో కట్టండి. పెళ్ళి బండ్లకు పూలు అంటించే టేపు ఎండకు రంగును పట్టుకుని వదలదు, ఊరేగింపు కాగానే పీకేయాలి. దీపావళి రాత్రి శివకాశి పక్కనే ఉన్నవాళ్ళం, టపాసులు కాల్చకుండా ఉండలేం. బండిని ఆ వీధిలో ఉంచకండి. రవ్వ పడితే కాలిన చుక్క పడుతుంది. బూడిద పడితే మంచు తడికి కరిగి మచ్చ కడుతుంది. తెల్లవారగానే నీళ్ళు పోసేయండి.

స్టిక్కర్లు కూడా అంతే. తలుపుల మీద కులదైవం పేరు, నాయకుడి బొమ్మ, ట్రావెల్సు పేరు అంటించుకుంటాం. అయిదేళ్ళకు అమ్మేటప్పుడు పీకితే, కింద రంగు కొత్తగానే ఉంటుంది, చుట్టూ ఎండకు వెలిసి ఉంటుంది. అక్షరాల ఆకారం అలాగే నిలిచిపోతుంది. ఎర్ర బండ్ల మీద ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వెనక అద్దం మీద, చూపుకు అడ్డం రానంత మేరకు అంటించుకుంటే ఏ బాధా లేదు.

సిరామిక్ కోటింగు వేయించమంటారా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నగరాల్లో దాని ధర వేలల్లో ఉంటుంది, బండి మొత్తానికి పాలియురెథేన్ ఫిల్ము అంటించడమైతే లక్ష దాకా పోతుంది, దాటుతుంది కూడా. సిరామిక్ పూత నీళ్ళను నిలవనివ్వదు, మురికి తేలిగ్గా పోతుంది, మెరుపు ఉంటుంది. ముల్లు గీతను మాత్రం ఆపలేదు. ఫిల్ము ఆపగలదు. నా అభిప్రాయం అడిగితే, ఆరేడు లక్షల బండికి ఆ ఖర్చు అమ్మకంలో తిరిగి రాదు. సీమతుమ్మ దారిలో రోజూ తిరిగే బండి అయితే తలుపుల కింది భాగానికీ, బానెట్టు ముందు అంచుకూ మాత్రం ఫిల్ము వేయించుకోవడంలో అర్థం ఉంది. మిగతావారికి మూడు నాలుగు నెలలకొకసారి చేత్తో పట్టించే వాక్సు చాలు. బ్రెజిల్ దేశపు కార్నౌబా తాటి ఆకుల నుంచి తీసే మైనంతో చేసిన వాక్సులు వందల రూపాయల్లో దొరుకుతాయి. వాక్సు అంటే రుద్దే పాలిషు కాదు. డబ్బా మీద కాంపౌండు అని గానీ, గీతలు పోగొడుతుందని గానీ రాసి ఉంటే అది గరుకు పదార్థం, పక్కన పెట్టేయండి.

ఎన్ని జాగ్రత్తలు పడినా టిప్పరు వెనక వెళ్తుంటే కంకర రాయి ఎగిరి తగులుతుంది. రంగు లేచి ఇనుము కనబడితే ఆ చుక్కను వదిలేయకండి. తూత్తుకుడి వైపు ఉప్పుగాలిలో తిరిగే బండ్లకైతే ఆ చుక్క ఒక్క వానాకాలంలో తుప్పు బొబ్బ అవుతుంది. బండి రంగుకు ఒక కోడు ఉంటుంది, తలుపు స్తంభం మీదో బానెట్టు కిందో అంటించిన పట్టీలో చూడొచ్చు. ఆ కోడు చెప్పి టచప్ సీసా తెచ్చుకుని, అగ్గిపుల్ల కొసతో ఆ చుక్క మేరకే నింపితే చాలు. దానికోసం బానెట్టు మొత్తం కొట్టించడం మంచి రంగును చేజేతులా పారేసుకోవడమే.

సొట్టల విషయమూ అంతే. రంగు పగలకుండా రేకు మాత్రమే లోపలికి పోయి ఉంటే, లోపలి వైపు నుంచి కడ్డీలతో మెల్లగా తోసి సరిచేసే పనివాళ్ళు పెద్ద ఊళ్ళలో ఉన్నారు. పుట్టీ పెట్టనక్కర్లేదు, రంగు కొట్టనక్కర్లేదు. ఇన్సూరెన్సు ఉంది కదా అని చిన్న గీతకు క్లెయిముకు పోతే లెక్క తిరగబడుతుంది. క్లెయిము లేకుండా ఏడాది గడిస్తే ప్రీమియంలో 20 శాతం, అలా పెరుగుతూ అయిదేళ్ళకు 50 శాతం దాకా వచ్చే తగ్గింపు ఆ ఒక్క క్లెయిముతో పోతుంది. పైగా మామూలు పాలసీలో పెయింటు సామగ్రి ఖర్చులో సగం మనమే భరించాలి. పెద్ద దెబ్బకు క్లెయిము చేయండి, తప్పదు. గోరంత గీతకు చేయకండి.

కొనేవాళ్ళ దగ్గర ఇప్పుడు రంగు మందం కొలిచే అగ్గిపెట్టెంత మీటర్లు ఉన్నాయి. తలుపు మీద పెడితే మైక్రాన్లలో అంకె చూపిస్తుంది. 120 దగ్గర చూపిస్తే కంపెనీ రంగు. 250, 300 చూపిస్తే మళ్ళీ కొట్టించినది. వెయ్యి దాటితే లోపల పుట్టీ ఉంది, అంటే ఏదో గట్టి దెబ్బే తగిలింది. మీటరు లేనివాళ్ళు బానెట్టు బోల్టుల మీద స్పానరు గుర్తులు చూస్తారు, తలుపు రబ్బరు ఎత్తి కింద రంగు తుంపర పడిందేమో చూస్తారు. ప్లాస్టిక్ బంపరు రంగును మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. అది ఊరి ఇరుకు సందుల్లో గీసుకుపోయేదే అని అందరికీ తెలుసు.

కాబట్టి అమ్మాలనుకున్నప్పుడు బండిని ముందు వారం తీసుకెళ్ళి మొత్తం పెయింటు కొట్టించి తేవడం లాంటి పని చేయకండి. మీరు ఖర్చు పెట్టి దాచిన చిన్న గీత, కొనేవాడి కళ్ళకు దాచిన పెద్ద యాక్సిడెంటులా కనిపిస్తుంది. శుభ్రంగా కడిగి, ఎండలో నిలబెట్టి, ఉన్న గీతలు మీరే చూపించండి. ఎప్పుడైనా ఒక తలుపుకు పని చేయించి ఉంటే, పుట్టీ పెట్టకముందు ఆ సొట్టను ఫోనులో తీసిన ఫొటో, వర్క్‌షాపు బిల్లు దాచిపెట్టుకోండి. ఆ రెండూ ముందే చేతిలో పెట్టి "ఈ ఎడమ తలుపు ఒక్కటే కొట్టించినాను, మిగతాది కంపెనీది, మీటరు పెట్టుకో" అని చెప్పండి. ఆ తలుపుకు అతను తగ్గించేది కొంతే ఉంటుంది. మిగతా మూడు తలుపులకూ, బానెట్టుకూ, పైకప్పుకూ పూర్తి ధర అడిగే హక్కు మీకుంటుంది.